చెయిన్ పన్ను మీద ఎర్ర చుక్క

కూర్చో. అలా కాదు, చెవుల్లో పెట్టుకున్నవి రెండూ తీసేసి సరిగ్గా కూర్చో. ఒక చెవిలో పాట, ఒక చెవిలో నానమ్మ అంటే కుదరదు. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు. మధ్యలో నీ తెలివితేటలు కలపకు.

"స్లోగా చెప్పు లా, నానమ్మా. నా తెలుగు టైపింగ్ అంత ఫాస్ట్ కాదు" అంటావా? మాట చివర ఈ ఊరి "లా" తోక ఒకటి. సరే, నాకేం తొందర. మీ అమ్మ ఇప్పుడే కదా పొయ్యి వెలిగించింది.

ఈ సింగపూర్‌లో మన తెలుగువాళ్ళు వేసే పుస్తకానికి పెద్దవాళ్ళు తమ ఉద్యోగం గురించి ఒక జ్ఞాపకం చెప్పాలన్నారు. పిల్లలు చదువుకుంటారట. మొన్న మీ నాన్న ఏమన్నాడో విన్నావుగా? "నీదేముందమ్మా, చెట్ల యార్డులో ఊడ్చావు. నాన్న ఓడల కబుర్లు చెప్పు" అన్నాడు. ఓడల కబుర్లు మీ తాత చెప్పుకోవాల్సినవి. ఆయన చెప్పకుండానే వెళ్ళిపోయారు. నా కబురు నేను చెప్తాను. మీ నాన్నకి అందులో సగమే తెలుసు. మిగతా సగం అచ్చులో చదువుకుంటాడు.

రాయి. నేను చెయిన్ రంపాలకి పదును పెట్టేదాన్ని.

ఎందుకా నవ్వు? అవును, ఆ చెయిన్ సానే. మీ సినిమాల్లో దయ్యాలు పట్టుకుని తిరిగేదే. నేను కోయలేదు, కోసేవాళ్ళకి పళ్ళు నూరి ఇచ్చాను. ఆరేళ్ళు.

అప్పుడు మేం సెంబవాంగ్‌లో ఉండేవాళ్ళం. మీ తాత ఓడలకి వెల్డింగ్ చేసేవారు. నలభై ఎనిమిదో ఏట నడుము పట్టేసి మంచానికి అంటుకుపోయారు. మీ నాన్న ఇంకా చదువుకుంటున్నాడు. నేను ఇల్లు దాటి ఎరగను. ఇంగ్లీషు రాదు, చీనా రాదు, ఇరుగుపొరుగుతో మాట్లాడేంత తమిళం, మార్కెట్లో చేపలు బేరమాడేంత మలాయ్ వచ్చు. ఎవరో చెబితే చెట్లు కొట్టే కాంట్రాక్టరు యార్డులో ఊడ్చే పనికి చేరాను. పొద్దున్నే వెళ్ళి పొట్టు ఊడవడం, ఆయిలు మరకల మీద రంపపు పొడి చల్లి మళ్ళీ ఊడవడం, కాఫీ కప్పులు కడగడం. కాగితం మీద నా ఉద్యోగం అదే. అది గుర్తు పెట్టుకో, తర్వాత కావాలి.

ఆ యార్డులో ఒక మలాయ్ పెద్దాయన ఉండేవారు. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఈ ఊళ్ళో ఆ వయసు మలాయ్ మగవాళ్ళని అందరూ పాక్ చిక్ అనే పిలుస్తారు కదా, బాబాయ్ అని, నేనూ అంతే. ఆయన నన్ను కాక్ అనేవారు, అక్క అని. తనకన్నా చిన్నదాన్ని అక్క అనడమేంటని అడిగితే, "నీ మొహం చూస్తే తమ్ముణ్ణి తిట్టే అక్కలా ఉంటుంది" అన్నారు. ముప్పై ఏళ్ళుగా రంపం పడుతున్న మనిషి. ఒంటి మీద ఒక్క గీత లేదు. దాని గురించి ఆయనకి గర్వం ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు చేతులూ చాపి చూపించేవారు, వేళ్ళు లెక్కపెట్టుకోండి అన్నట్టు.

ఒకరోజు ఆయన కొత్తగా పదును పెట్టించిన చెయిన్ పట్టుకుని తిట్టుకుంటున్నారు. అప్పట్లో చెయిన్లు బయట మిషన్ మీద పట్టించేవారు. మిషన్ వేడికి పళ్ళు నీలంగా మాడిపోతాయి. మాడిన పన్ను గట్టి చెక్క మీద రెండు నిమిషాలు కూడా ఆగదు. నేను చీపురు పక్కన పెట్టి చూశాను. మా నాన్న వడ్రంగి. చిన్నప్పుడు ఆయన రంపానికి ఆకురాయి పడుతుంటే రెండో కొస నేను పట్టుకునేదాన్ని. "తోసేటప్పుడే కోత. వెనక్కి లాగేటప్పుడు ఎత్తెయ్. లాగితే ఆకురాయీ చస్తుంది, పన్నూ చస్తుంది" అనేవాడు. అది నా చేతికి గుర్తుంది. పాక్ చిక్ దగ్గర గుండ్రటి ఆకురాయి తీసుకుని ఏడు పళ్ళు పట్టాను. ఆయన గోరు పెట్టి చూశారు. చీపురు తీసుకెళ్ళి గోడకి ఆనించారు. "కాక్, మిగతావి కూడా" అన్నారు.

అలా మొదలైంది. ఆ తర్వాత యార్డులో ఏడు రంపాల చెయిన్లూ నా దగ్గరికే వచ్చేవి. పొద్దున ఊడ్పు, ఆ తర్వాత పదును. కాగితం మీద మాత్రం ఎవరూ మార్చలేదు. నేనూ అడగలేదు. అడగాలని కూడా తెలియదు.

ఇప్పుడు కొంచెం పని సంగతి చెప్పాలి. విసుక్కోకు, ఇది లేకపోతే మిగతాది అర్థం కాదు. చెయిన్ మీద ఒక పన్ను ఉంటుంది, దాని ముందు ఒక బుడిపె ఉంటుంది. కోసేది పన్ను. పన్ను ఎంత లోతు కొరకాలో చెప్పేది బుడిపె. పన్ను అరిగేకొద్దీ బుడిపెని కూడా చదును ఆకురాయితో కాస్త తగ్గించాలి. తగ్గించకపోతే రంపం చెక్క మీద జారుతుంది. ఎక్కువ తగ్గించావో, పన్ను అత్యాశకి పోతుంది. మెత్తటి చెక్కలో పర్వాలేదు. చేవ దేరిన చెక్కలో అయితే కొరికినదాన్ని తెంచలేక, ఒక్కసారిగా రంపాన్నే వెనక్కి తన్నుతుంది, మనిషి మీదికి. బుడిపె ఎత్తు చూసుకోవడానికి చిన్న రేకు ముక్క ఉంటుంది. నా పనిముట్ల డబ్బాలో ఒకటి ఉండేది. చేతికి అలవాటయ్యాక దాన్ని ఎప్పుడో గానీ బయటికి తీసేదాన్ని కాదు. అదొక పొగరు.

చెయిన్ గుండ్రంగా ఉంటుంది కదా, ఎక్కడ మొదలుపెట్టామో తెలియదు. అందుకని నేను మొదటి పన్ను మీద తిలకం చుక్క పెట్టుకునేదాన్ని. సిరంగూన్ రోడ్డులో కొన్న సీసా తిలకం. పళ్ళు, బుడిపెలు అన్నీ అయ్యాక కిరసనాయిలు గుడ్డతో చుక్క తుడిచేసి మేకుకి తగిలించేదాన్ని. చుక్క ఉంటే పని కాలేదని, లేకపోతే అయిందని. యార్డులో అందరికీ తెలిసిపోయింది. బంగ్లాదేశ్ వాళ్ళు, చీనా వాళ్ళు, అందరూ మేకు దగ్గరికి వచ్చి బొట్టు ఉందా లేదా అని చూసేవారు.

పాక్ చిక్ మాత్రం చుక్క లేకపోయినా చెయిన్ ఎక్కించే ముందు బొటనవేలి గోరు పెట్టి నాలుగు చోట్ల పన్నూ బుడిపే చూసుకునేవారు. నాకు కోపం వచ్చేది.

"ఏం పాక్ చిక్, నామీద నమ్మకం లేదా?"

"నాకుంది కాక్. గోరుకి లేదు. అది ముసలిది, ఎవర్నీ నమ్మదు."

రోజూ ఇదే మాట, రోజూ ఇదే జవాబు. పన్నెండు గంటలకి అన్నం డబ్బా విప్పే ముందు "సుదా మకాన్, కాక్?" అని అడిగేవారు. తిన్నావా అక్కా అని. నేను తినకపోతే ఆయనా విప్పేవారు కాదు.

సరే. ఆ ఏడాది సంగతికి వస్తాను. కంప్యూటర్ల హడావుడి రోజులు. రెండు వేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయని లోకమంతా గాభరా పడుతోంది. మన హైదరాబాదు నుంచి, బెజవాడ నుంచి కుర్రాళ్ళు విమానాల నిండా దిగుతున్నారు. ఒక్కో ఫ్లాట్‌లో ఆరుగురు. నేను గోంగూర వేయిస్తుంటే మా బ్లాక్ కింద నిలబడి "ఆంటీ, మీరు తెలుగా?" అని అరిచినవాళ్ళున్నారు. మీ నాన్న పాలిటెక్నిక్ చదివి, ఇక్కడి మగపిల్లలందరూ చెయ్యాల్సిన మిలిటరీ చేసి వచ్చి, చొక్కా ఇస్త్రీ చేసుకుని రోజూ ఇంటర్వ్యూలకి తిరిగేవాడు. ఊళ్ళో అందరికీ ఉద్యోగాలు వస్తున్నాయి, వీడికి రాదు. ఇంట్లో మంచం మీద ఒకరు, సోఫాలో ఒకడు. ఇద్దరూ మాట్లాడేవారు కాదు.

ఆంగ్ మో కియో పక్కన కంప్యూటర్ కంపెనీల కోసం పెద్ద బిల్డింగు కడతారని స్థలం చదును చేసే పని మా యార్డుకి వచ్చింది. మీ నాన్న ఆఫీసు అది కాదులే, అంత కథ లేదు. చిన్న చెట్లన్నీ వారంలో అయిపోయాయి. ఒక్కటి మిగిలింది, టెంబుసు. మన బొటానిక్ గార్డెన్లో చూశావే, సాయంత్రం పూట తెల్లటి పువ్వుల వాసన వేస్తుంది, ఆ జాతి. బతికున్నప్పుడే అది ఇనుము. ఇది పిడుగు పడి ఎండిపోయి, నిలబడ్డచోటే ఏళ్ళ తరబడి ఎండిన చెట్టు. పడగొట్టడానికే ఒక రోజు పట్టింది. పడ్డాక ముక్కలు కోయాలి. అక్కడ మొదలైంది అసలు గొడవ. కొత్త చెయిన్ ఎక్కిస్తే పావుగంటకి పొట్టు రావడం మానేసి బూడిదలాంటి పొడి వచ్చేది. పొడి వస్తే పదును పోయినట్టు. ఆకురాయి కూడా మొండిదయ్యేది. చివరికి సూపర్‌వైజరు నన్నే లారీ ఎక్కించి సైటుకి తీసుకెళ్ళాడు. ఒక మొద్దు మీద చెయిన్ పట్టి ఉంచే వైస్ బిగించి, గొడుగు పాతి, అక్కడే కూర్చోబెట్టాడు. ఈ చివర నేను పట్టడం, ఆ చివర పాక్ చిక్ కోయడం. మూడు రోజులు.

సూపర్‌వైజరు తమిళతను, చెడ్డవాడు కాదు. వెనక నుంచి మట్టి లారీలు వచ్చి నిలబడ్డాయని అతని తొందర అతనిది. "ఆంటీ, సీక్రం, సీక్రం" అంటూ తిరిగేవాడు.

నాలుగో రోజు. పది, పదిన్నర అయ్యుంటుంది. ఒక చెయిన్‌కి పళ్ళు పట్టాను, బుడిపెలు పట్టాను, తుడుద్దామని గుడ్డ అందుకుంటున్నాను. సైట్ ఆఫీసు కంటైనర్ గుమ్మంలోంచి సూపర్‌వైజరు కేక.

"ఆంటీ! ఫోన్! మీ అబ్బాయి!"

ఇంట్లో ఏదైనా జరిగితేనే చెయ్యమని ఇచ్చిన నంబరు అది. మీ తాతకేదో అయిందనుకున్నాను. గుడ్డ అక్కడే పడేసి, చెప్పులు జారిపోతుంటే పరిగెత్తాను. ఫోన్ తీస్తే మీ నాన్న ఏడుస్తున్నాడు. ఇంకేముంది అనుకున్నాను.

"అమ్మా, వచ్చిందమ్మా. లెటర్ వచ్చింది. సోమవారం జాయిన్ అవ్వమన్నారు."

"నాన్నకి చెప్పావా?"

"చెప్పా. నాన్న లేచి కూర్చున్నారు."

ఆ మాటకి నేనూ ఏడ్చాను. కంటైనర్లో ఉన్న చీనా డ్రైవరు నాకు టిష్యూ ప్యాకెట్ మొత్తం ఇచ్చేశాడు.

తిరిగొచ్చి మొద్దు దగ్గర కూర్చున్నాను. చెయిన్ వైస్‌లోనే ఉంది. ఎర్ర చుక్క ఉంది. పళ్ళు పట్టానని చూస్తే తెలుస్తోంది, మెరుస్తున్నాయి. బుడిపెలు? అవీ మెరుస్తున్నాయి. కానీ ఆ ఎండలో అన్నీ మెరుస్తున్నాయి, నా కళ్ళు నీళ్ళతో ఉన్నాయి. చుక్క ఉంది కదా, అంటే కాలేదన్నమాట అనుకున్నాను. నేను పెట్టుకున్న చుక్కని నేనే నమ్మాను. చదును ఆకురాయి తీసుకుని బుడిపెలన్నీ మళ్ళీ పట్టాను. సంతోషం మీద ఉన్న చెయ్యి కదా, కాస్త గట్టిగానే పట్టుంటాను. డబ్బాలో రేకు ఉంది. తియ్యలేదు. చుక్క తుడిచాను.

మేకు కూడా లేదు కదా అక్కడ, చెయిన్ చేత్తో పట్టుకుని నేనే పాక్ చిక్ దగ్గరికి వెళ్ళాను.

"పాక్ చిక్, మావాడికి ఉద్యోగం వచ్చింది! కంప్యూటర్ ఉద్యోగం!"

ఆయన హెల్మెట్ తీసేశారు. గ్లవ్స్ తీసి గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచారు. "అల్‌హమ్దులిల్లా, కాక్. ఇంక నువ్వు చీపురు నీ కొడుకు చేతికిచ్చి ఇంట్లో కూర్చో" అని నవ్వారు. చెయిన్ అందుకుని, అలవాటు ప్రకారం బొటనవేలు చాచారు.

నేను ఆ వేలు పట్టుకుని పక్కకి తోశాను. ఆరేళ్ళలో ఆయన్ని తాకడం అదే మొదటిసారి. "ఈ రోజు గోరు పెట్టకు పాక్ చిక్. ఈ ఒక్క రోజు నమ్ము. శుభమా అని వస్తే."

"సరే సరే, ఈ రోజు గోరుకి సెలవు" అన్నారు. ఎక్కించుకుని వెళ్ళిపోయారు.

రాస్తున్నావా? ఎందుకాగావు? రాయి, ఇప్పుడు ఆపకు.

రంపం శబ్దం నాకు ముఖం చూడకుండా మనిషి గొంతు గుర్తుపట్టినట్టు తెలుసు. చెక్కలోకి దిగేటప్పుడు గొంతు తగ్గుతుంది, బయటికి వచ్చేటప్పుడు పెరుగుతుంది. మొదటి కోత అయింది. రెండో కోత మొదలైంది. దిగాల్సిన చోట గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. ఆగిపోయింది.

ఎడమ చెయ్యి. మోచేతికి పైన. నేను చూసింది చెప్పను, పిల్లలు చదివే పుస్తకం. ఆయన కింద కూర్చుని చేతిని ఒళ్ళో పెట్టుకుని దాన్ని ఎవరిదో చూసినట్టు చూస్తున్నారు. నేను పరిగెత్తుకొస్తుంటే, "కాక్, నువ్వు రాకు. చూడకు" అన్నారు. అంతే. అంబులెన్స్ వచ్చింది.

అందరూ వెళ్ళాక రంపం అక్కడే పడి ఉంది. నేను నా డబ్బాలోంచి రేకు తీసి చెయిన్ మీద పెట్టాను. బుడిపె రేకు దాకా అందలేదు. మధ్యలో సందు. నా గోరు పెట్టి చూశాను. దూరింది. ఆయన గోరు పెట్టి ఉంటే ఒక్క క్షణంలో తెలిసిపోయేది.

ఆ రోజే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళాను. అది మాత్రం చేశాను, రాయి. "తప్పు నాది. బుడిపెలు రెండుసార్లు పట్టాను" అన్నాను. అతను తలుపు మూసి కూర్చోబెట్టాడు.

"ఆంటీ, కాగితం మీద మీరెవరు?"

"ఊడ్చే మనిషిని."

"ఊడ్చే ఆంటీతో రంపాలకి పదును పెట్టించారని రాస్తే ఏమవుతుందో తెలుసా? యార్డు మూస్తారు. ముప్పై మంది ఇంటికి పోతారు. మిమ్మల్ని కేసులో పిలుస్తారు. మీ అబ్బాయి సోమవారం చేరుతున్నాడు, ఇప్పుడు మీకీ గొడవ కావాలా? పెద్దాయన ప్రాణానికేం కాదు. ఆయన చెయిన్‌కి ఆయనే పదును పెట్టుకున్నారని రాస్తాను. ఎవరికీ ఏమీ కాదు."

ఎవరికీ ఏమీ కాదట. అతనికి చెమటలు పట్టి ఉన్నాయి. అతనికీ ఇద్దరు ఆడపిల్లలు.

మూడు రోజులకి ప్రమాదం సంగతి విచారించే గవర్నమెంటు ఆఫీసరు ఫైలు పట్టుకుని యార్డుకి వచ్చాడు. కుర్రాడు, మర్యాదస్తుడు. చెయిన్ చూశాడు, తనూ రేకు పెట్టి కొలిచాడు, రాసుకున్నాడు. అందరినీ అడుగుతూ నా దగ్గరికి వచ్చాడు. నా చేతిలో చీపురు ఉంది. సూపర్‌వైజరు పక్కనే నిలబడి నేలకేసి చూస్తున్నాడు.

"ఆంటీ, ఇక్కడ చెయిన్లకి పదును ఎవరు పెడతారు?" తమిళంలోనే అడిగాడు, నాకు అర్థం కాలేదనడానికి కూడా లేదు.

నేను చెప్పిన మాట ఇది. "నేను ఊడుస్తాను సార్."

అబద్ధం కాదు. అదే దాని దరిద్రం. అబద్ధమైతే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అతను "ఓకే ఆంటీ" అని పక్క మనిషి దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను. గోడకి మేకుల మీద ఏడు చెయిన్లు, నేను పట్టినవే, నిగనిగలాడుతూ ఉన్నాయి. అతను తల తిప్పి ఒక్కసారి చూసుంటే నా చేతి మీద ఆకురాయి గీతలు కనబడేవి.

పెద్దాయన తన చెయిన్ తనే ఎక్కువ అరగదీసుకున్నాడని, నిర్లక్ష్యమని ఖాయమైపోయింది.

రెండు నెలల తర్వాత పాక్ చిక్ తన సామాన్లు తీసుకెళ్ళడానికి వచ్చారు. ఒక ఫ్లాస్కు, ఒక టోపీ, నమాజు చాప. ఎడమ చెయ్యి ఉంది కానీ వేళ్ళు ముడుచుకోవు. యార్డు వెనక కుళాయి దగ్గర నేనొక్కదాన్నే ఉన్నప్పుడు చెప్పాను.

"పాక్ చిక్, బుడిపెలు రెండుసార్లు పట్టాను. ఫోన్ వచ్చి..."

"తెలుసు" అన్నారు. "మొదటి కోతలోనే తెలిసింది. పొట్టు పెద్ద పెద్ద పెచ్చులుగా లేచింది. టెంబుసు అలా లేవదు."

"మరి ఎందుకాపలేదు?"

"ఆపుదామనే. ఆ కోత ఒక్కటి అయ్యాక నీ దగ్గరికి తెద్దామనుకున్నా. నువ్వు అప్పుడు ఆ డ్రైవరుకి నీ కొడుకు సంగతి చెబుతున్నావు. నవ్వుతున్నావు. ఇంకో కోత కానిద్దాంలే అనుకున్నా." ఫ్లాస్కు కింద పెట్టారు. "ఆఫీసరు నిన్ను అడిగాడా?"

"అడిగాడు."

"ఏం చెప్పావు?"

"ఊడుస్తానని చెప్పాను."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. టోపీ పెట్టుకోబోయారు, ఒక చేత్తో కుదరక, నేను సాయం పట్టబోతే వద్దన్నట్టు తల పక్కకి జరిపారు. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"సుదా మకాన్?" అన్నారు.

అంతే. ఆరేళ్ళు ఆ మాట చివర కాక్ ఉండేది. ఆ రోజు లేదు. నేను తిన్నానన్నాను. తినలేదు.

తర్వాత నేను ఆకురాయి ముట్టుకోలేదు. చెయిన్లు మళ్ళీ బయటి మిషన్‌కి వెళ్ళి మాడి వచ్చేవి. నేను ఊడ్చాను, ఇంకో ఎనిమిదేళ్ళు, కాగితం మీద ఉన్నట్టే. మీ నాన్న ఎన్నిసార్లు మానెయ్యమన్నా మానలేదు. పొగరు వల్ల కాదు. రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు కొత్తవాళ్ళని నిలబెట్టి జాగ్రత్తలు చెప్పేవారు. అందులో ఒక మాట ఉండేది. "వెనకటికి ఇక్కడ ఒక ముసలాయన ఉండేవాడు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉందని పొగరు. తన చెయిన్ తనే పాడు చేసుకుని చెయ్యి పోగొట్టుకున్నాడు. అలా చెయ్యకండి." కుర్రాళ్ళు తలలూపేవారు. కొందరు నవ్వేవారు. నేను వెనక ఊడుస్తూ వినేదాన్ని. వినాలి కదా ఎవరో ఒకరు, అది అబద్ధమని తెలిసినవాళ్ళు. ఎనిమిదేళ్ళు విన్నాను. ఒక్క రోజు కూడా చీపురు కింద పెట్టి "ఆగండి" అనలేదు.

మీ నాన్నకి ఎందుకు చెప్పలేదంటావా? వాడు ఆ రోజుని పండగలా చెప్పుకుంటాడు. "నేను ఫోన్ చేస్తే అమ్మ ఏడ్చేసింది" అని మీ అమ్మకి చెప్పాడు, నీకు చెప్పాడు, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తాడు. ఆ ఫోన్ వల్ల ఇంకొకటి కూడా జరిగిందని వాడికెలా చెప్పను? కానీ ఒకటి, నాన్నా, నువ్వు చదువుతుంటే, నీ ఫోన్‌ది తప్పు కాదు. రేకు తియ్యనిది నేను. అర్థమైందా? అది కూడా రాయమ్మా, అలాగే రాయి, "నాన్నా" అని.

పాక్ చిక్ పోయి ఆరేళ్ళయింది. పోయిన నెల సెంబవాంగ్ మార్కెట్‌కి వెళ్ళాను కదా, పాత డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు. అక్కడ ఆయన కూతురు నన్ను గుర్తుపట్టింది. నా చెయ్యి పట్టుకుని నిలబెట్టింది. "మీరు యార్డు ఆంటీ కదా? నాన్న మీ గురించి చెప్పేవారు, మీరు ఊడ్చే పద్ధతి గురించి" అంది. ఊడ్చే పద్ధతి! ఇంట్లో కూడా ఆయన నేను ఆఫీసరుకి చెప్పిన మాటే చెప్పారు. "నాన్న ఆఖరి దాకా బాధపడ్డారు ఆంటీ. అంత జాగ్రత్తగా ఉండే మనిషిని, ఆ రోజు ఎలా పొరపాటు చేశానో నాకే తెలియదు అనేవారు. మేం కూడా అనేవాళ్ళం, ఎందుకు నాన్నా చూసుకోలేదు అని." నా చేతిలో చేపల సంచి. నోరు తెరిచాను. చేప బాగుందా అని అడిగింది, బాగుందన్నాను. బస్సొచ్చింది.

అందుకే కూర్చోబెట్టాను నిన్ను. పుస్తకం కోసం కాదు. నువ్వు ఇది ఇంగ్లీషులో కూడా రాయాలి, నీ స్కూల్ ఇంగ్లీషులో, తప్పుల్లేకుండా. ఆ అమ్మాయి బ్లాక్ నాకు తెలుసు. ఇద్దరం వెళ్ళి ఇద్దాం. ఆమె పిల్లలు కూడా చదవాలి. వాళ్ళ తాతది నిర్లక్ష్యం కాదని వాళ్ళకి తెలియాలి. నువ్వు నాతో వస్తావా? "ఓకే లా" కాదు, సరిగ్గా చెప్పు. వస్తావా? ఆఁ.

ఏడుస్తున్నావేంటి, పిచ్చిదానా. కీబోర్డు తడిసిపోతుంది. ఇదిగో, ఈ చివరి ముక్క జాగ్రత్తగా రాయి, ఆఫీసరు అడిగినదానికి జవాబు ఇది. అప్పుడు చెప్పాల్సింది. రాయి. ఆ రోజు ఆ చెయిన్‌కి పదును పెట్టింది నేను. బుడిపెలకి రెండోసారి ఆకురాయి పట్టింది నేను. గోరు పెట్టి చూసుకోవద్దని వేలు పక్కకి తోసింది నేను. ఆయన...

ఆఁ! వినిపించిందే! వస్తున్నానమ్మా, ఒక్క వాక్యం! చల్లారితే చల్లారనీ, పులుసు మళ్ళీ వెచ్చబెట్టుకోవచ్చు... సరే, సరే, కంచాలు పెట్టేసిందట, ఇంక ఊరుకోదు మీ అమ్మ. లే. ఆగు, మూసెయ్యకు. ఆగిన చోట ఏదైనా గుర్తు పెట్టు. కానీ వచ్చాక ఆ గుర్తు ఒక్కటే చూసి నమ్మకు, పైనుంచి మొత్తం చదివి వినిపించు, ఏది అయిందో ఏది కాలేదో నేను చూసుకుంటాను, అప్పుడు "ఆయన" దగ్గర్నుంచి మళ్ళీ